మనిషికి మారకం కట్టగలమా?



ఈసారి నేను హాకీ గురించి మాట్లాడబోతున్నానంటే ముందు మా ఇంట్లోనే నవ్వారు. "పదో తరగతితో పుస్తకాలు మూసేసినదానివి. రేడియోలో ఆవకాయలూ, పసిపిల్లల జలుబులూ చెప్పుకుంటావు. నీకు ఈ ఆటల గొడవ ఎందుకే?" అన్నారు మావారు. ఆయన అన్నది నిజమే. ఆటలో నాకు తెలిసింది గోరంతే. కానీ ఆ ఆట చూసే మనుషులు మాట్లాడుకున్న మాటలు విన్నాక నా మనసులో ఇరవై ఏళ్ళుగా ఉన్న ఒక ముడి విడిపోయింది. అంచేత మీతో చెప్పుకుందామని వచ్చాను.

మా చెల్లెలు కెనడాలో ఎడ్మంటన్ అనే ఊళ్ళో ఉంటోంది. మా అమ్మ లేదు. చెల్లెలికి నెలలు నిండుతున్నాయంటే అమ్మ స్థానంలో నేనే వెళ్ళాలి కదా! 2024 డిసెంబరులో ఇంగువ, పసుపు, కారప్పొడి, వాము అన్నీ మూట కట్టుకుని వెళ్ళాను. ఆ చలి గురించి ఏం చెప్పను! కిటికీ అద్దానికి వేలు ఆనిస్తే జిల్లుమంటుంది. నెలరోజుల పాటు మట్టి కనబడలేదంటే నమ్మండి. జనవరి మూడోవారంలో చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. పిల్లా తల్లీ క్షేమం.

ఆ ఊరివాళ్ళకి చలికాలమంతా ఒకటే ధ్యాస, హాకీ. మన హాకీ కాదు సుమండీ, మంచుగడ్డ మీద ఆడేది. కాళ్ళకి కత్తుల్లాంటి ఇనప బద్దీలున్న జోళ్ళు వేసుకుని జారుతూ ఆడతారు. బంతి బదులు పక్ అని ఒక నల్లటి రబ్బరు బిళ్ళ, చిన్నసైజు అరిసె అంత ఉంటుంది. ఒక్కో పక్షానికి ఆరుగురు. గోలు కాసేవాడు ఒకడు, వెనకవరస ఇద్దరు, ముందువరస ముగ్గురు. ఆ ముగ్గుర్నీ ఫార్వర్డులంటారు. పక్‌ని ముందుకి తీసుకుపోయి గోలు కొట్టడం ముఖ్యంగా వాళ్ళ పని.

మా మరిదికి ఈ పిచ్చి బాగా పట్టింది. పక్కింటి పెద్దాయన, ఆయన కొడుకు ఆట ఉన్న రాత్రి మావాళ్ళింటికే వచ్చి కూర్చుంటారు. నేను పకోడీలు వేసి పెడితే ఆ పెద్దాయన కళ్ళంట నీళ్ళు కారుతున్నా వదలకుండా తినేవారు. చంటిపిల్లని ఒళ్ళో వేసుకుని నేనూ ఒక పక్కన కూర్చునేదాన్ని. నాకు తెలియనివి మరిది తెలుగులో చెప్పేవాడు.

పురుడు వచ్చిన వారంలోనే, 2025 జనవరి 24న, ఒక పెద్ద వార్త వచ్చింది. కొలరాడో జట్టు తమ ఫార్వర్డు మిక్కో రాంటనెన్‌ని కరొలైనా జట్టుకి ఇచ్చేసింది. ఇచ్చేసింది అంటే ఏమిటనుకున్నారు? అక్కడ ఆటగాళ్ళని ఒక జట్టు ఇంకో జట్టుతో మార్చుకుంటారు. మనం పాత చీరలు వేసి స్టీలు గిన్నె తీసుకున్నట్టన్నమాట! ఆటగాడిని చాలాసార్లు మాటమాత్రం అడగరు. "రేపటినుంచి నువ్వు ఫలానా ఊళ్ళో ఆడాలి" అంటే పెట్టె సర్దుకోవాల్సిందే.

ఈ రాంటనెన్‌ది ఫిన్లండు దేశం. 2015 నుంచీ కొలరాడో మనిషే. 2022లో ఆ జట్టు స్టాన్లీ కప్ గెలిచినప్పుడు అందులో ఉన్నాడు. ఇచ్చేసిన నాటికి ఆ సంవత్సరం 49 ఆటల్లో 64 పాయింట్లు సంపాదించాడు. అతనికి బదులు కొలరాడోకి మార్టిన్ నెచస్, జాక్ డ్రూరీ అనే ఇద్దరు ఆటగాళ్ళూ, ముందు ముందు కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే వంతులు రెండూ వచ్చాయి.

ఇక చూడండి మా ఇంట్లో రాద్ధాంతం! "కరొలైనా దోచుకుపోయింది. అలాంటివాడు దొరుకుతాడా?" అంటాడు పక్కింటి కుర్రాడు. చేతిలో ఫోను, అందులో అంకెలే అంకెలు. "కాదు, అతని ఒప్పందం ఈ వేసవితో అయిపోతుంది. అప్పుడు ఊరికే వెళ్ళిపోతే కొలరాడోకి దమ్మిడీ రాదు. జీతాలకి ఇంతకు మించి ఇవ్వకూడదని జట్టుకి హద్దు కూడా ఉందాయె. ఇప్పుడు ఇచ్చేయడమే తెలివి" అంటాడు మా మరిది. "అతను గోలు కొట్టేది పక్కనున్న గొప్పవాళ్ళ చలవతో" అని ఇంకో మాట. అతని వయసెంత, ఇంకా ఎన్నాళ్ళు ఆడతాడు, ఎంత అడుగుతాడు అని తూకం వేస్తూనే ఉన్నారు.

నాకేమో పెళ్ళిచూపులు గుర్తొచ్చాయి. పిల్ల రంగెంత, ఎత్తెంత, చదువెంత, పెట్టుపోతలెంత. అచ్చం అవే గొంతుకలు!

పెద్దాయన మాత్రం చాలాసేపు పెదవి విప్పలేదు. చివరికి, "మారకం జరిగిన రాత్రి లెక్క ఎప్పుడూ తప్పే. మా ఊరికి ఆ సంగతి బాగా తెలుసు" అని ఒక కథ చెప్పారు. ఆ ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలిసిన కథ.

ఎడ్మంటన్ జట్టు పేరు ఆయిలర్స్. అందులో వేన్ గ్రెట్జ్‌కీ అని ఒక ఫార్వర్డు ఉండేవాడు. మనకి ధ్యాన్‌చంద్ ఎలాగో వాళ్ళకి ఆయన అలాగ. 1988లో ఆయిలర్స్ స్టాన్లీ కప్ గెలిచారు. అయిదేళ్ళలో అది నాలుగోసారి. అదే ఏడు జూలై 16న అతనికి జానెట్ జోన్స్ అనే అమెరికా నటితో ఆ ఊళ్ళోనే పెళ్ళయింది. ఊరంతా తమ ఇంటి పెళ్ళిలాగే సంబరపడింది. సరిగ్గా ఇరవైనాలుగు రోజులు తిరిగాయి. ఆగస్టు 9న, ఆయిలర్స్ యజమాని పీటర్ పాక్లింగ్టన్, గ్రెట్జ్‌కీని లాస్ ఏంజెలిస్ కింగ్స్ జట్టుకి ఇచ్చేశారు!

అప్పటికి అతనికి 27 ఏళ్ళు. అతనితోపాటు ఇంకో ఇద్దరు ఆటగాళ్ళు కూడా వెళ్ళారు. బదులుగా వచ్చింది జిమ్మీ కార్సన్ అనే ఇరవై ఏళ్ళ ఫార్వర్డు, మార్టిన్ జెలినా అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, కొత్తవాళ్ళని మొదటి విడతలో ఎంచుకునే వంతులు మూడు, ఒక కోటీ యాభై లక్షల అమెరికా డాలర్లు. ఆ రోజు పత్రికలవాళ్ళ ముందు గ్రెట్జ్‌కీ మాట్లాడలేక కళ్ళు తుడుచుకున్నాడు. ఊరు ఏడ్చింది. యజమాని దిష్టిబొమ్మని తగలబెట్టారు. ఈ బేరాన్ని ప్రభుత్వం ఆపాలని నెల్సన్ రీస్ అనే పార్లమెంటు సభ్యుడు అడిగాడంటే ఎంత గగ్గోలు పుట్టిందో ఊహించుకోండి.

ఇంతవరకూ నేను "అయ్యోపాపం" అనుకుంటూ విన్నాను. ఆ తర్వాత మాటకి మాత్రం ఒళ్ళోని పిల్లని గట్టిగా పట్టుకున్నాను. "అందరం ఎవరిని తిట్టామో తెలుసా? ఆ అమ్మాయిని. కొత్త పెళ్ళికూతురిని" అన్నారు పెద్దాయన. సినిమాల పిల్ల, మొగుణ్ణి సినిమాల ఊరికి లాక్కుపోయిందన్నారట. అమ్మింది ఒక యజమాని, కొన్నది ఇంకో యజమాని, సంతకాలు పెట్టింది వాళ్ళు, డబ్బు చేతులు మారింది వాళ్ళ మధ్య. నింద మాత్రం, పెళ్ళయి నిండా నెల కాని పెళ్ళికూతురిది! "నేనూ అన్నాను. అప్పుడు నాకు ముప్ఫై ఏళ్ళు. తరవాత సిగ్గుపడ్డాను" అన్నారాయన.

సోదరీమణులారా, ఇది ఎక్కడో మంచుదేశం కథ అనుకుంటున్నారా? నాకు మాత్రం తెనాలి దగ్గర మా అత్తవారి పల్లెటూరు కళ్ళకి కట్టింది.

నా పెళ్ళి 2001లో అయింది. మామగారికి ఎరువుల కొట్టుండేది. మావారు, మా బావగారు అందులోనే చూసుకునేవారు. నేను కాపురానికి వెళ్ళిన నాలుగో నెలలో మావారికి బెజవాడలో ఉద్యోగం వచ్చింది. వేరు కాపురం పెట్టాం. "కోడలు కాలు లోపల పెట్టింది, కొడుకు కాలు బయట పెట్టాడు" అన్నారు మా అత్తగారు. ఆ మాట వీధి దాటింది, ఊరు దాటింది, ప్రతి పెళ్ళిలోనూ పేరంటంలోనూ నాకంటే ముందే వచ్చి కూర్చునేది. నేనేమన్నానంటారా? ఏమీ అనలేదు. కొత్త కోడలు ఏమంటుంది! మావారు కూడా "పోనిద్దూ, అమ్మ సంగతి నీకు తెలీదా?" అనేవారు. పోనిచ్చాను. కానీ లోపలినుంచి అది పోలేదు.

పదేళ్ళ తర్వాత మామగారు మంచాన పడి మా ఇంట్లో ఉన్నప్పుడు, ఒకరోజు మందు మింగి గ్లాసు నా చేతికిస్తూ అన్నారు. "అమ్మాయ్, కొట్టు ఇద్దరు కొడుకుల్ని మొయ్యలేదని నాకు తెలుసు. ఉద్యోగం చూసుకోమని వాడికి నీ పెళ్ళికి ముందే నేనే చెప్పాను. దరఖాస్తు నేనే పెట్టించాను. మీ అత్తతో చెప్పాల్సింది, చెప్పలేకపోయాను" అని. అప్పటికి అత్తగారు పోయి రెండేళ్ళయింది. ఆవిడ అసలు సంగతి తెలియకుండానే వెళ్ళిపోయారు. ఇంక ఎవరితో చెప్పుకోను?

ఇప్పుడు మళ్ళీ ఎడ్మంటన్ వద్దాం. ఈ మాటలు జరిగిన పది రోజులకి మా మరిది ఉద్యోగం పోయింది. అతను పనిచేసే విభాగమే మూసేశారు. అతనితోపాటు ఇంకా చాలామందికి పోయింది. ఇంట్లో బాలింతరాలు, చంటిపిల్ల, ఇంటి అప్పు. ఆ రాత్రి అతను అన్నం కలుపుతూ కలుపుతూ లేచిపోయాడు. మర్నాడు మా చెల్లెలి అత్తగారు ఫోన్లో మాట్లాడారు. ఫోను బల్లమీద పెట్టి ఉంది, నేను పిల్లకి నూనె రాస్తున్నాను. ఆవిడ కొడుకుని ఓదార్చి ఓదార్చి చివరికి నిట్టూర్చారు. "ఏం చేస్తాం, పిల్ల పుట్టిన వేళ అలాంటిది!"

మా చెల్లెలు తల దించుకుంది. ఆ దించుకోవడం నాకు తెలుసు. నేను ఇరవై ఏళ్ళు అలాగే దించుకున్నాను.

ఆవిడ దుష్టురాలు కాదు, నా చెల్లెల్ని బాగా చూసే మనిషి. బాధలో మన నోటికి తేలిగ్గా దొరికే మాట అదే, అంతే. అయినా నేను ఊరుకోలేకపోయాను. "అత్తయ్యగారూ, మీరు ఏమీ అనుకోకపోతే ఒక్క మాట. ఆ విభాగం మూసేయాలని నవంబరులోనే నిర్ణయించుకున్నామని కంపెనీవాళ్ళే ఉత్తరంలో రాశారు. మన పిల్ల పుట్టింది జనవరిలో. పుట్టని పిల్ల కంపెనీ ఎలా మూయిస్తుందండీ? ఈ మాట ఇవాళ మనం అనేస్తాం, మరిచిపోతాం. అది మాత్రం పిల్లతోపాటే పెరుగుతుంది. నాకు అనుభవం" అన్నాను. నా గొంతు వణికింది, ఒప్పుకుంటాను.

అవతల చాలాసేపు చప్పుడు లేదు. ఫోను పెట్టేశారేమో అనుకున్నాను. తర్వాత ఆవిడ మెల్లిగా, "నూనె మాడుకి బాగా పట్టించు అమ్మా, అక్కడ చలి కదా" అన్నారు. అంతే. మళ్ళీ ఆ వేళ మాట ఎత్తలేదు.

సరే, మారకం లెక్క ఏమయిందని అడుగుతారు కదూ? అదీ చెబుతాను. ముందర పెద్దాయన చెప్పిన కథ.

గ్రెట్జ్‌కీ వెళ్ళిన మొదటి ఏడే, 1989లో, లాస్ ఏంజెలిస్ జట్టు ఆయిలర్స్‌ని ఏడు ఆటల పోటీలో ఓడించింది. "చూశారా, మోసపోయాం!" అన్నారు ఊళ్ళో. బదులుగా వచ్చిన జిమ్మీ కార్సన్ ఆ సంవత్సరం 49 గోళ్ళు కొట్టాడు. తక్కువేం కాదు! కానీ ఏం లాభం, అతను ఎంత చేసినా గ్రెట్జ్‌కీ కాడు కదా. పెద్ద కోడలి పేరు చెప్పి చిన్న కోడల్ని సాధించినట్టుంది అతని బతుకు. రెండో ఏడు నాలుగాటలు ఆడి, "నన్ను ఇంకెక్కడికైనా పంపించెయ్యండి" అన్నాడు. 1989 నవంబరులో డెట్రాయిట్‌కి ఇచ్చేశారు. అతనికి బదులు వచ్చినవాళ్ళలో ఆడం గ్రేవ్స్, జో మర్ఫీ, పీటర్ క్లీమా ఉన్నారు. 1990లో ఆయిలర్స్ మళ్ళీ కప్పు గెలిచారు, గ్రెట్జ్‌కీ లేకుండానే! దారిలో లాస్ ఏంజెలిస్‌ని వరసగా నాలుగాటల్లో ఓడించారు. ఫైనల్లో మొదటి ఆట అర్ధరాత్రి దాటినా తేలకపోతే, మూడో అదనపు సమయంలో గెలుపు గోలు కొట్టింది ఆ క్లీమా.

"అయితే మారకం మంచిదేనన్నమాట!" అన్నాను నేను. పెద్దాయన నవ్వి, "ఆ తర్వాత మాకు మళ్ళీ కప్పు రాలేదమ్మా. గ్రెట్జ్‌కీ కూడా వెళ్ళిన చోట కప్పు గెలవలేదు. 1993లో ఫైనల్ దాకా వచ్చి మాంట్రియల్ చేతిలో ఓడిపోయాడు. మరి ఎవరు లాభపడ్డట్టు?" అన్నారు. 2006లోనూ, 2024లోనూ ఆయిలర్స్ ఫైనల్ దాకా వెళ్ళి ఓడిపోయారు.

ఇంకో సంగతి చెప్పారు, నాకు అది అన్నింటికంటే నచ్చింది. ఆ ఆటలో గోలు కొట్టినవాడికి ఒక పాయింటు. దానికి పక్ అందించినవాడికి కూడా ఒక పాయింటే. అంతకు ముందు అందించినవాడికి కూడా ఇస్తారు. గ్రెట్జ్‌కీ తన ఆట మొత్తంలో కొట్టిన గోళ్ళు 894. ఇంకొకరికి అందించినవి 1963! 1999లో ఆట మానేశాడు. గోళ్ళ రికార్డుని 2025 ఏప్రిల్‌లో అలెగ్జాండర్ ఒవెచ్కిన్ దాటేశాడు. కానీ గ్రెట్జ్‌కీ గోళ్ళన్నీ కొట్టిపారేసి, ఒక్క అందింపులే లెక్కపెట్టినా, మొత్తం పాయింట్లలో అతన్ని మించినవాడు ఇంకా లేడు.

నేను వంటింట్లోకి వెళ్ళి రెండో వాయి పకోడీలు వేస్తూ దీని గురించే ఆలోచించాను. మన ఇళ్ళల్లో ఎంతమందిమి రోజంతా అందించేవాళ్ళమే కదా! తువ్వాలు అందించడం, క్యారేజీ అందించడం, పిల్లవాడికి పరీక్షనాడు పెన్ను అందించడం. గోలు కొట్టినవాడి పేరు అందరికీ తెలుస్తుంది. అందింపుకి పాయింటు రాసేవాళ్ళు మనకి ఎవరున్నారు?

ఇక రాంటనెన్ సంగతి. కరొలైనాలో అతను ఆరు వారాలే ఉన్నాడు. మార్చి 7న అతన్ని డల్లస్ జట్టుకి ఇచ్చేశారు. డల్లస్ వాళ్ళు ఎనిమిదేళ్ళకి తొమ్మిది కోట్ల అరవై లక్షల డాలర్ల ఒప్పందం రాశారు. మా పక్కింటి కుర్రాడు "పిచ్చివాళ్ళు, ఎక్కువిచ్చారు" అన్నాడు. నేను ఏప్రిల్‌లో ఇంటికి వచ్చేశాను. మే 3న, డల్లస్‌కీ కొలరాడోకీ ఏడో ఆట, చావో రేవో ఆట. చివరి ఇరవై నిమిషాల్లో రాంటనెన్ మూడు గోళ్ళు కొట్టి, తనని పంపించేసిన కొలరాడోనే ఇంటికి పంపించాడు. ఆ తర్వాత అదే డల్లస్‌ని మా ఎడ్మంటన్ ఓడించింది. "మా" అన్నానా? అలవాటయిపోయింది. ఆ ఎడ్మంటన్ మళ్ళీ ఫైనల్లో ఓడిపోయింది. జనవరిలో మా ఇంట్లో కూర్చుని అంకెలు చూసి తీర్పు చెప్పినవాళ్ళలో ఒక్కరికైనా ఇవన్నీ తెలుసా? తెలియదు. మనుషుల విలువ ఆ రాత్రి తేలేది కాదు.

ఆ జానెట్ గ్రెట్జ్‌కీ సంగతి ఏమయిందంటారా? ఆ దంపతులు అయిదుగురు పిల్లల్ని పెంచి పెద్దచేశారు. తమని తిట్టిపోసిన ఆ ఊళ్ళోనే ఇవాళ గ్రెట్జ్‌కీ కప్పు ఎత్తి పట్టుకున్న కంచు విగ్రహం ఉంది. మా మరిది నన్ను తీసుకెళ్ళి చూపించాడు. మంచు టోపీ పెట్టుకున్నట్టుంది. మాటలు గాలికి పోయాయి కానీ, ఆ పెళ్ళికూతురు ఆ నెలంతా ఎన్ని రాత్రులు నిద్రపోయిందో విగ్రహం మీద రాయరు కదా.

మా మరిదికి మే నెలాఖరులో ఇంకో కంపెనీలో పని దొరికింది. జీతం మునుపటికంటే కొంచెం తక్కువే, అయినా ఇల్లు గడుస్తుంది. ఆ రోజు చెల్లెలి అత్తగారు నాకే స్వయంగా ఫోను చేశారు. సంతోషంతో ఆవిడ గొంతు గలగలలాడుతోంది. "చూశావా అమ్మా, మన పిల్ల ఎంత అదృష్టజాతకురాలో!" అన్నారు.

నేను నవ్వేశాను. "అత్తయ్యగారూ, నష్టమొచ్చినప్పుడు దాని ఖాతాలో రాయొద్దన్నాం. మరి లాభం మాత్రం ఎందుకు రాయాలి? ఉద్యోగం మీవాడి కష్టం. పిల్ల ఊరికే పిల్ల. పాలు తాగి నిద్రపోనివ్వండి" అన్నాను. ఆవిడ కూడా నవ్వారు.

సోదరీమణులారా, మీ ఇంటికి కొత్త కోడలు వచ్చినా, కొత్త పాపాయి వచ్చినా, ఆ ఏడు ఇంట్లో జరిగిన మంచీ చెడ్డా ఆ పసిదాని తలమీద పెట్టకండి. ఎవరైనా పెడుతుంటే మీకు అసలు సంగతి తెలిసి ఉంటే, మా మామగారిలాగ పదేళ్ళు ఆగకండి. ఆ వేళే చెప్పండి. వినవలసినవాళ్ళు ఉండగానే చెప్పండి.